రీకాల్ చేసిన మాంసాన్ని బాగా ఉడికించి తినొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫ్రీజర్‌లో మూడు కిలోల బీఫ్ కీమా ఉంది. ఇ.కోలై అనే బ్యాక్టీరియా బయటపడిందని కంపెనీ ఆ బ్యాచ్ మొత్తాన్ని రీకాల్ చేసింది, అంటే అమ్మిన సరుకును వెనక్కి పిలిచింది. ఒక ప్యాకెట్ పోయిన వారమే వండుకుని సగం తిన్నారు, మిగతా సగం డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచారు. బాగా ఉడికిస్తే ఏ క్రిమి అయినా చస్తుంది కదా, మరి పారేయమని ఎందుకంటున్నారు అని మీ సందేహం. మీ ఆవిడేమో ఆ ప్యాకెట్లను ముట్టుకోనివ్వడం లేదు.

మీ ఆవిడ మాటే కరెక్టు. పారేయండి, లేదా కొన్నచోట తిరిగి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోండి. వండొద్దు. ఇంతవరకు చాలనుకుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ మీరు అడిగింది "ఎందుకు" అని. మాంసం ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ల్యాబులో, క్వాలిటీ విభాగంలో పనిచేసినంత కాలం నన్ను చాలామంది ఇదే అడిగారు. "ఎందుకొచ్చిన గొడవ, పారేస్తే పోలా" అంటే అడిగినవాళ్ల నోరు మూయించినట్టే గానీ జవాబు చెప్పినట్టు కాదు.

ముందు మీరు చెప్పినదాంట్లో నిజం ఎంతుందో ఒప్పుకోవాలి. ఇ.కోలైకి స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియాలు వేడిని తట్టుకోవడానికి తొడుక్కునే గట్టి పెంకు రూపాలు) ఉండవు, వేడికి తట్టుకోలేదు. కీమా లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చాలు, దాదాపు వెంటనే చస్తుంది. అంతకంటే తక్కువ వేడిలోనూ చస్తుంది, కాకపోతే టైం పడుతుంది. 60 డిగ్రీల దగ్గర అయితే సుమారు 12 నిమిషాలు అదే వేడిని నిలబెట్టాలి. కీమాని విడగొట్టి, నీళ్లు పోసి, అరగంట కుతకుతా ఉడికిస్తే గిన్నె లోపల ఇ.కోలై బతికి ఉండదు. ఇందులో వాదనకేమీ లేదు.

ఇంకో మాట కూడా చెబుతాను, మీ వాదనకు బలం చేకూర్చేదే. ఇలా దొరికిపోయిన మాంసాన్ని కంపెనీలు ప్రతిసారీ పూడ్చిపెట్టవు. అమెరికాలో పచ్చి బీఫ్‌లో ఇ.కోలైలో ప్రమాదకరమైన రకం ఓ157:హెచ్7 ఉన్నట్టు పరీక్షలో తేలితే, దాన్ని నాశనం చేయొచ్చు, లేదా తనిఖీ అధికారుల అదుపులో మరో ప్లాంటుకు పంపి పూర్తిగా ఉడికించి అమ్మొచ్చు. "వండడానికి మాత్రమే" అని దానికి లేబుల్ ఉంటుంది. వాళ్లు ఉడికించి అమ్మొచ్చు, నేను ఉడికించి తినకూడదా అని మీరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

వాళ్లు ఎలా ఉడికిస్తారో చూస్తే తేడా తెలుస్తుంది. ఆ పెట్టెలు వచ్చేటప్పుడు వాటి వెంట లెక్కలు వస్తాయి, ఎన్ని పంపారో అన్నీ చేరాయని కాగితం తిరిగి వెళ్లాలి. పచ్చిమాంసం ఉండే వైపు, వండిన మాంసం ఉండే వైపు వేరువేరు. మధ్యలో గోడ ఉంటుంది. పచ్చివైపు మనిషి అవతలికి వెళ్లాలంటే కోటు మార్చుకోవాలి, బూట్లు మార్చుకోవాలి, చేతులు కడుక్కోవాలి. పచ్చిమాంసం ఓవెన్‌లోకి ఒక తలుపు నుంచి వెళ్తుంది, ఉడికింది రెండో తలుపు నుంచి అవతలి గదిలోకి వస్తుంది. అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే ముక్కలో థర్మామీటర్ గుచ్చి ఉంటుంది, నిమిషం నిమిషం రికార్డు అవుతుంది. పవర్ పోయి గ్రాఫ్ తెగిందంటే ఆ లాట్ (ఆ విడతలో తయారైన సరుకు) పక్కకు పోవాల్సిందే.

మీ వంటింట్లో ఆ గోడ లేదు.

గిన్నెలో పడింది ఎలాగూ చస్తుంది, గిన్నెలోకి చేరకుండా ఆగిపోయినదానితోనే తంటా. ప్యాకెట్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి కరగడానికి పెడతారు. అడుగున ఎర్రటి నీరు చేరుతుంది. కత్తెరతో మూల కత్తిరిస్తారు, నాలుగు చుక్కలు గట్టు మీద పడతాయి. కీమా గిన్నెలో వేసి, ఖాళీ కవర్ చెత్తబుట్టలో పడేస్తారు, మూత చేత్తోనే ఎత్తి ఉంటారు. చేతులు కడగడానికి కుళాయి తిప్పుతారు, అదీ ఆ చేత్తోనే. చేతులు శుభ్రమయ్యాక కుళాయి కట్టేస్తారు కదా, అప్పుడు మళ్లీ అదే పిడి. ఉప్పు డబ్బా, స్టవ్ నాబ్, మధ్యలో మోగిన ఫోన్ ఇవన్నీ లెక్కలోకి తీసుకోండి. కత్తెర సింక్‌లో ఉంటుంది. దాని పక్కనే ఎవరో గ్లాసు పెడతారు. గిన్నె స్టవ్ మీద మరుగుతూనే ఉంటుంది, అందులో ఉన్నవన్నీ చచ్చిపోతుంటాయి, గట్టు మీదవి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఇది ఊహ కాదు. అమెరికా వ్యవసాయ శాఖ నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీతో కలిసి చేయించిన ఒక అధ్యయనం ఫలితాలు 2019లో బయటపెట్టింది. మామూలు మనుషుల్ని పిలిచి కోడిమాంసం వండమని, పక్కనే పచ్చి ఆకులతో సలాడ్ చేయమని చెప్పి, ఏం జరుగుతుందో చూశారు. మాంసాన్ని కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో బ్యాక్టీరియా తేలింది. సింక్ శుభ్రం చేశాక కూడా 14 శాతం మంది దగ్గర మిగిలే ఉంది. కడిగినవాళ్లలో 26 శాతం మంది సలాడ్‌లోకి అది చేరిపోయింది. తమాషా ఏంటంటే మాంసం కడగనివాళ్ల సలాడ్‌లలోనూ చాలావాటిలో దొరికింది. అంటే దోషం ఒక్క కడగడానిది కాదు, చేతులది. తమను గమనిస్తున్నారని తెలిసి వండినవాళ్లు వీళ్లు.

మామూలుగా మనం ఇంత అజాగ్రత్తగా ఉన్నా రోజూ జబ్బు పడటం లేదు కదా అంటారు. నిజమే. చాలా రకాల క్రిములు జబ్బు చేయాలంటే కడుపులోకి వేలల్లో, లక్షల్లో వెళ్లాలి. గట్టు మీది చుక్క నుంచి గ్లాసు అంచుకు అంటుకునేంత మోతాదు వాటికి చాలదు. మీ ప్యాకెట్‌లో ఉందని అంటున్న ఇ.కోలై ఓ157 లాంటి రకాలు వేరు. వంద కంటే తక్కువ బ్యాక్టీరియా కూడా మనిషిని పడుకోబెట్టగలవు. వంద బ్యాక్టీరియా ఉన్న చుక్క కంటికి ఆనను కూడా ఆనదు.

పైగా అది మామూలు విరేచనాలతో పోయే జబ్బు కాదు. ఈ రకాలు పేగుల్లో షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. రక్త విరేచనాలు, మెలిపెట్టే కడుపునొప్పి వస్తాయి. ఓ157 సోకినవాళ్లలో సుమారు 5 నుంచి 10 శాతం మందిలో కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి వస్తుంది, దాన్ని హీమోలైటిక్ యురీమిక్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా బలయ్యేది ఐదేళ్లలోపు పిల్లలు. మీ ఇంట్లో పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ జవాబు ఇక్కడితో ఆపి ముందు ఆ ప్యాకెట్ల సంగతి చూడండి.

1993లో అమెరికాలో జరిగింది చెప్పుకోవాలి, ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ అది ఒక పాఠం. జాక్ ఇన్ ద బాక్స్ అనే హోటళ్ల గొలుసులో బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ బర్గర్లు పచ్చివి కాదు, వేడి పెనం మీద కాల్చినవే. అప్పటి ఫెడరల్ నియమం 60 డిగ్రీలు అంటే, వాషింగ్టన్ రాష్ట్రం 68 డిగ్రీలకు పెంచింది. వాళ్లు పాత లెక్క ప్రకారమే కాలుస్తూ పోయారు. ఆ ఎనిమిది డిగ్రీల తేడా కంటికి కనబడదు, నాలుకకూ తెలియదు. చనిపోయినవాళ్లలో ఏడాదిన్నర కూడా నిండని ఒక పసివాడున్నాడు. ఆ బర్గర్ వాడు తినలేదు, జబ్బుపడిన మరో బిడ్డ నుంచి సోకింది. ఆ మరుసటి ఏడాది, 1994లో, కీమాలో ఇ.కోలై ఓ157 ఉంటే దాన్ని కల్తీ సరుకుగానే లెక్కగట్టాలని అమెరికా ప్రభుత్వం తేల్చింది. "వండుకుంటారులే" అన్న ధీమాతో అమ్మడం అక్కడితో ఆగింది.

ఉడికిందో లేదో రంగు చూస్తే తెలుస్తుంది అనుకునేవాళ్లు చాలామంది. రంగు నమ్మొద్దు. కీమా ముద్దల్లో దాదాపు నాలుగింట ఒకటి సరైన వేడి చేరకముందే గోధుమ రంగుకు తిరుగుతుందని అమెరికా వ్యవసాయ శాఖే చెబుతుంది. అటువైపు, పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగు పోని మాంసం ఉంటుంది. తేల్చేది థర్మామీటర్ ఒక్కటే. అది కూడా ముద్ద మీంచి పొడిస్తే కొన అవతలికి పోయి పెనం వేడిని చూపిస్తుంది. పక్క నుంచి దూర్చి, కొన సరిగ్గా మధ్యలో ఆగేలా పట్టుకోవాలి. ఒక్క ముద్దకు చూసి పెనం మీది అన్నిటికీ అదే అనుకోకూడదు. ఇదంతా రోజూ వాడే మంచి మాంసానికి చెబుతున్నాను. రీకాల్ సరుకును కాపాడుకోవడానికి కాదు.

కీమా గురించే ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. పెద్ద ముక్కకు బ్యాక్టీరియా పైపైన అంటుకుని ఉంటుంది, పెనం మీద పెట్టగానే పైపొర కాలి చస్తుంది. కీమా పట్టినప్పుడు ఆ పైభాగం లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది. పైగా పెద్ద ప్లాంట్లలో ఒక్క ప్యాకెట్‌లోకి ఎన్నో పశువుల మాంసం చేరుతుంది. అందులో ఒక్కదానికి ఉన్నా మొత్తానికి పాకుతుంది. ముక్కలు మెత్తబడటానికి సూదులతో గుచ్చిన మాంసం కూడా కీమా కిందే లెక్క, సూది పైనున్నదాన్ని లోపలికి తోసేస్తుంది.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. తెలివైనవాళ్లు ఎప్పుడూ అడిగేది, నాకు ఇష్టమైనది. "మామూలుగా కొనే పచ్చి చికెన్‌లో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు కదా. దాన్ని రోజూ వండుకుని తింటున్నాం. రీకాల్ అయినదాంట్లో కూడా అదే సాల్మొనెల్లా అయినప్పుడు, ఒకటి వండుకోవచ్చు, ఇంకొకటి పారేయాలా?"

ప్రశ్నలో పస ఉంది. చాలా రకాల పచ్చిమాంసంలో సాల్మొనెల్లా ఉన్నంత మాత్రాన అమెరికాలో దాన్ని కల్తీగా పరిగణించరు. అందుకే మామూలు సాల్మొనెల్లాకు రీకాల్ రాదు. రీకాల్ వచ్చిందంటే సాధారణంగా మనుషులు జబ్బుపడ్డాక, వాళ్ల దగ్గర దొరికిన రకమూ ఆ ప్లాంటు మాంసంలో దొరికిన రకమూ ఒకటేనని తేలాక వస్తుంది. 2018లో అరిజోనాలోని జేబీఎస్ కంపెనీ టోలెసన్ ప్లాంటు బీఫ్ విషయంలో అదే జరిగింది. అక్టోబర్‌లో రీకాల్ మొదలైంది, డిసెంబర్‌లో పెంచారు, చివరికి సుమారు 1.2 కోట్ల పౌండ్లు, అంటే 54 లక్షల కిలోలకు చేరింది. 400 మందికి పైగా జబ్బుపడ్డారు.

ఇప్పుడు ఆ 400 మంది గురించి ఆలోచించండి. వాళ్లలో ఎంతమంది పచ్చి కీమా తిని ఉంటారు? ఎక్కువమంది వండుకునే తిని ఉంటారు. వాళ్లకూ స్టవ్ ఉంది, గిన్నె ఉంది, "బాగా ఉడికించాం" అన్న నమ్మకమూ ఉంది. మామూలు ఇళ్లలో, మామూలు వంటతో ఆ మాంసాన్ని అదుపు చేయడం కుదరలేదు కాబట్టే రీకాల్ అయ్యింది. ఆ లాట్‌లో బ్యాక్టీరియా మోతాదు ఎక్కువ కావొచ్చు, ఆ రకం మొండిది కావొచ్చు, రెండూ కావొచ్చు. ఏదైనా సరే, మీరు చేయాలనుకుంటున్న ప్రయోగం వందల ఇళ్లలో జరిగిపోయింది, ఫలితం రీకాల్ నోటీసు రూపంలో మీ చేతిలో ఉంది. నా దృష్టిలో అసలు జవాబు ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మీ దగ్గరున్న మూడు కిలోల్లో అసలు ఏమీ లేకపోవచ్చు కూడా. అది దాచను. బ్యాక్టీరియా మాంసమంతా సమానంగా పరుచుకుని ఉండదు, అక్కడక్కడా గుంపులుగా ఉంటుంది. ప్లాంటులో యంత్రాలను పూర్తిగా కడిగిన ఒక వేళ నుంచి మళ్లీ కడిగిన వేళ వరకు తయారైన సరుకును సాధారణంగా ఒక లాట్‌గా తీసుకుని, అందులో ఒక్క నమూనా దొరికినా మొత్తాన్ని వెనక్కి పిలుస్తారు. కాబట్టి రీకాల్ అయిన ప్యాకెట్లలో చాలావాటిలో ఏమీ ఉండదు. కానీ మీది ఏ కోవలోదో చెప్పే దారి మీకు లేదు. వాసన చూస్తే తెలియదు. మాంసం కంపు కొట్టేలా చేసే బ్యాక్టీరియా వేరు, మనిషిని ఆస్పత్రిపాలు చేసే బ్యాక్టీరియా వేరు. ఎంతో తాజాగా, మంచి వాసనతో ఉన్న కీమాలో ఓ157 హాయిగా ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టారు కాబట్టి చచ్చి ఉంటుందనీ అనుకోవద్దు. గడ్డకట్టిన బ్యాక్టీరియా నిద్రపోతుందంతే, కరగగానే లేస్తుంది. రీకాల్ నోటీసుల్లో "మీ ఫ్రీజర్లు చూసుకోండి" అని ప్రత్యేకంగా రాసేది అందుకే.

మీది ఇ.కోలై కాబట్టి ఇంతసేపు వేడి గురించి మాట్లాడుకున్నాం. అన్ని రీకాళ్లూ ఇలాంటివి కావు, కొన్నిటికి వేడితో అసలు సంబంధమే లేదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మాంసం గది వేడిలో ఎక్కువసేపు ఉంటే పెరిగి విషం వదులుతుంది. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగులుతుంది. అరగంట మరిగించినా అది తట్టుకుంటుంది. ప్రెషర్ కుక్కర్ పెడితే అని అడుగుతారని తెలుసు. కుక్కర్ వేడికి, తగినంత సేపు ఉంచితే, స్పోర్లు కూడా చావొచ్చు. ఈ విషం పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ పూచీపడలేరు. మాంసంలో లోహపు ముక్కలో, ప్లాస్టిక్కో పడిందని రీకాల్ అయితే ఎన్ని విజిల్స్ వచ్చినా ఆ ముక్క ముక్కలాగే ఉంటుంది. 2008 డిసెంబర్‌లో ఐర్లండ్ ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి తయారైన పంది మాంసం ఉత్పత్తులన్నిటినీ వెనక్కి పిలిచింది. పశువుల దాణాను ఎండబెట్టే దగ్గర పాడైన నూనె వాడటంతో డయాక్సిన్లు అనే విష రసాయనాలు మాంసంలోకి చేరాయి. డయాక్సిన్ మీ స్టవ్ వేడికి కరిగిపోయే సరుకు కాదు. పిచ్చి ఆవు జబ్బుకు కారణమైన ప్రయాన్లు అనే చెడిపోయిన ప్రొటీన్లూ అంతే, వంట వాటినేమీ చేయలేదు.

అలర్జీ రీకాళ్లు ఇంకో రకం. సాసేజ్‌లో పాలపొడి కలిపి లేబుల్ మీద రాయడం మర్చిపోతారు. పాలు పడనివాళ్లకు అది ప్రాణాంతకం, మిగతావాళ్లకు ఏమీ కాదు. ఇంట్లో ఎవరికీ ఆ అలర్జీ లేకపోతే దాన్ని చూసి టెన్షన్ పడాల్సిన పనిలేదు. నేనైతే అప్పుడు కూడా తిరిగి ఇచ్చేస్తాను, ఇంటికొచ్చే చుట్టాల పిల్లలకు ఏం పడదో మనకు తెలియదు కాబట్టి.

రీకాళ్లలో అతి చేసినవి లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో మూడు తరగతులు పెడతారు. మొదటిది ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉన్నది, రెండోది ఆ అవకాశం బాగా తక్కువ ఉన్నది, మూడోది ఆరోగ్యానికి ఇబ్బంది లేకపోయినా నియమం తప్పింది. 2008 ఫిబ్రవరిలో హాల్‌మార్క్ వెస్ట్‌లాండ్ అనే కంపెనీ 14.3 కోట్ల పౌండ్ల బీఫ్‌ను వెనక్కి పిలిచింది. ఆ దేశంలో అంత పెద్ద బీఫ్ రీకాల్ అంతకుముందు జరగలేదు. నిలబడలేని పశువులను సరైన తనిఖీ లేకుండా కోశారన్నది కారణం, తరగతి మాత్రం రెండోది. అప్పటికే అందులో చాలా భాగం జనం తినేశారు. కాబట్టి రీకాల్ అన్న మాట వినగానే గుండె జారిపోవక్కర్లేదు, నోటీసులో తరగతి, కారణం చదవండి. మీ నోటీసులో ఇ.కోలై అని ఉంది కాబట్టి అది మొదటి తరగతే అయి ఉండాలి.

లిస్టీరియా అనే బ్యాక్టీరియా గురించి రెండు మాటలు చెప్పకుండా వదలలేను, ఎందుకంటే అక్కడ "ఉడికించొచ్చా" అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. అది ఎక్కువగా ఉండేది వండకుండా నేరుగా తినే మాంసాల్లో, కోసి ప్యాక్ చేసిన హామ్, సాసేజ్ లాంటివాటిలో. మిగతా బ్యాక్టీరియాలు ఫ్రిజ్ చల్లదనానికి ముడుచుకుంటే ఇది అక్కడే నెమ్మదిగా పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో 2017, 2018లలో పోలోనీ అనే సాసేజ్ లాంటి మాంసం నుంచి వ్యాపించి వెయ్యి మందికి పైగా జబ్బు పడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. 2024లో అమెరికాలో బోర్స్ హెడ్ అనే కంపెనీ మాంసాల వల్ల పదిమంది పోయారు. గర్భిణులకు, వయసు పైబడినవాళ్లకు ఇది మహా ప్రమాదం. తల్లికి కాస్త జ్వరంలా అనిపించి పోతుంది, లోపల బిడ్డ దక్కకపోవచ్చు. లిస్టీరియా రీకాల్ అయితే ప్యాకెట్ పారేయడంతో పని అయిపోదు. ఫ్రిజ్ అరలు, సొరుగులు, తలుపు రబ్బరు అన్నీ సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత నాలుగు లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వాసన కలపని బ్లీచ్ వేసి తుడవాలి. మీది ఇ.కోలై కాబట్టి ఫ్రీజర్‌లో ప్యాకెట్లు చిరిగి కారి ఉంటే తప్ప అంత పని ఉండదు, కారి ఉంటే చేయండి.

ఇప్పుడు పారేసే పద్ధతి. ప్యాకెట్ విప్పొద్దు, కరగనివ్వొద్దు. ముందు లేబుల్‌కు ఫోటో తీసుకోండి. తేదీ, లాట్ నంబరు, ప్లాంటు నంబరు కనబడాలి, డబ్బు వెనక్కి రావాలంటే అదే ఆధారం. గట్టి కవర్లో పెట్టి ముడివేసి, దాన్ని మరో కవర్లో పెట్టి, కుక్కలూ పిల్లులూ లాగలేని చోట వేయండి. "మనం తినకపోతే కుక్కకైనా వేద్దాం" అనుకుంటారు కొందరు. వద్దు. కుక్కలకూ సాల్మొనెల్లా లాంటివి సోకుతాయి, వాటికి ఏమీ కాకపోయినా మలంలో వదులుతూ ఉంటాయి, వాటితో ఆడుకునే పిల్లలకు అంటుకుంటుంది. లోకువగా కనబడ్డవాళ్లకు ఇచ్చేయడం గురించి నేను చెప్పాల్సిన పని లేదనుకుంటాను. ప్యాకెట్లు ఉన్న అర వేడి సబ్బు నీళ్లతో తుడిచి, చేతులు 20 సెకన్ల పాటు సబ్బుతో కడుక్కోండి.

కొనగానే అసలు కవర్ తీసేసి చిన్న కవర్లలోకి మార్చి ఫ్రీజర్‌లో పెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఒక చిక్కు వస్తుంది, ఏది రీకాల్ సరుకో ఏది కాదో తేల్చుకోలేరు. తేల్చుకోలేకపోతే రెండూ పోవాల్సిందే. ఇకమీదట లేబుల్ ముక్క కత్తిరించి కవర్లో పడేస్తే ఈ బాధ ఉండదు.

మూడు కిలోల మాంసం అలా పోతుంటే మనసు చివుక్కుమంటుంది, అందులో తప్పేమీ లేదు. ఆ నష్టం కంపెనీది, మీది కాదు. డబ్బు అడిగి తీసుకోవడానికి మొహమాటపడొద్దు. ఎంతమంది తిరిగి ఇస్తే రీకాల్ అంత ఖర్చవుతుంది. ప్లాంటులో యంత్రాలు కడగడానికి ఇంకో గంట ఇవ్వాలా వద్దా అన్న మీటింగుల్లో ఆ ఖర్చు ప్రస్తావనకు వస్తుందని నేను చూసిన అనుభవంతో చెబుతున్నాను.

ఇక పోయిన వారం వండిన డబ్బా. అది కూడా పారేయండి. గిన్నెలో ఉన్నప్పుడు అందులోని బ్యాక్టీరియా చచ్చే ఉంటుంది, కానీ అప్పుడు మీకు రీకాల్ సంగతి తెలియదు, ఏ గరిటె ఎక్కడ వాడారో, డబ్బాలోకి ఏ చేత్తో తీశారో ఎవరూ గమనించి ఉండరు. సగం కీమా కోసం అది గుర్తు తెచ్చుకునే ప్రయత్నం దండగ.

తిన్నదాని గురించి కంగారు వద్దు. ఒంట్లో ఏమీ లేకపోతే పరీక్షలు చేయించుకోనక్కర్లేదు, ముందు జాగ్రత్త అని మందులేవీ మింగొద్దు. ఇ.కోలై లక్షణాలు ఎక్కువమందిలో మూడు, నాలుగు రోజుల్లో మొదలవుతాయి, కొందరిలో పది రోజుల వరకు పట్టొచ్చు. ఈలోగా ఎవరికైనా విరేచనాల్లో రక్తం కనబడినా, మూత్రం తగ్గినా, పిల్లలు పాలిపోయి నీరసంగా పడుకున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రీకాల్ అయిన మాంసం తిన్నామని మొదటి మాటగా చెప్పండి. మీ అంతట మీరు యాంటీబయాటిక్‌గానీ, విరేచనాలు కట్టే మాత్రగానీ వేసుకోవద్దు. ఈ రకం ఇ.కోలైలో అవి కిడ్నీల ముప్పును పెంచే అవకాశం ఉంది. అలా ఎవరైనా జబ్బుపడితే మాత్రం, ఇంకా పారేయని ప్యాకెట్ ఉంటే దాన్ని పారేయకుండా రెండు కవర్లలో కట్టి, "తినొద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రీజర్‌లో ఒక మూల ఉంచండి. ఆరోగ్య శాఖవాళ్లు పరీక్షకు అడగొచ్చు. తిన్న రోజు నుంచి పది రోజులు దాటి ఇంట్లో అందరూ బాగానే ఉంటే దాని సంగతి మర్చిపోవచ్చు.